సునీత పోస్టు

ఆఫీసులో అందరూ దాన్ని సునీత పోస్టు అనేవారు. "సునీత మేడం పోస్టు సంగతి ఏం జేసిండ్రు సార్?" అని అటెండరు కూడా, నేను ఇంకా మెట్లు ఎక్కుతుండగానే అడిగేవాడు. సునీత నా భార్య. జనవరిలో పోయింది. జూన్ వచ్చేసరికి ఆమె ఉద్యోగం తాలూకు డబ్బు చేతికి వచ్చింది, దవాఖాన కోసం చేసిన అప్పు తీరింది, రెండూ ఇంచుమించు సమానమయ్యాయి. మిగిలింది ఆ పోస్టు ఒక్కటే.

ప్రేమలత మేడం ఆ ఆఫీసులో సూపరింటెండెంటు. సునీత ఆమె కిందే చాలా ఏళ్ళు పనిచేసింది. రాజేంద్రనగర్‌లోని ఆ పాత మేడలో, ఆమె నన్ను తన గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"సర్వీసుల ఉండంగ పోతే ఇంట్ల ఒకరికి ఉద్యోగం ఇస్తరు సార్. కారుణ్య నియామకం. ఏడాది లోపల దరఖాస్తు వెట్టుకోవాలె. జూనియర్ అసిస్టెంటు. ఖాళీ ఇక్కడనే ఉంది కాబట్టి ఇక్కడికే ఇస్తరు."

"ఎవరికి?"

"బిడ్డకు. అను డిగ్రీ అయిపోయింది కద. ఇరవై ఒకటి. ఇప్పుడు ఎక్కితే నలభై ఏండ్ల సర్వీసు. ఒకనాడు నా కుర్చీల కూసుంటది, కావాలంటే రాసిస్త." రూలు చెప్పకపోతే తప్పన్నట్టు, "మీకు కూడ వస్తది. భార్య పోతే భర్తకు ఇయ్యొచ్చు. నలభై ఐదు దాటొద్దు, అంతే" అంది.

"ఆగస్టు ఆఖరుకు నిండుతాయి."

"మీకెందుకు సార్! పదహారేండ్ల కోసం నలభై ఏండ్లు పోగొట్టుకుంటరా ఎవరన్న? మీకు బడి ఉన్నది కద."

గది బయట, కిటికీ పక్కన సునీత టేబుల్ ఉంది. అటు చూడకుండా మెట్లు దిగాను.

నాకు బడి ఉన్న మాట నిజమే. శంషాబాద్ బస్టాండు వెనక ఒక ప్రైవేటు హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా తెలుగు చెబుతున్నాను అప్పటికి. డీఎస్సీలు రాసి రాసి వయసు దాటించుకున్నాను. ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు సారు అంటే, లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోయినప్పుడు తన పీరియడు ఇచ్చేసే మనిషి. అయినా ఎనిమిదో తరగతి పిల్లవాడు పద్యం అప్పజెబుతూ మూడో పాదం దగ్గర ఆగి, పైకప్పు వైపు చూసి, నాలుగో పాదాన్ని అక్కడినుంచి అందుకుంటాడు. అది చూడడం నాకు ఇష్టం. వేరే పని వెతుక్కోకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

ఇల్లు నడిచింది సునీత జీతం మీద. ఈ మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. మిగతా అందరి మధ్యా వచ్చేది.

ఉపేందర్ సునీత తమ్ముడు. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య మా ఇంటికి వచ్చి తినిపోవడం అక్క ఉన్నప్పటి అలవాటు. అక్క పోయాక కూడా మానలేదు. మానితే మేము ఏమనుకుంటామో అని కావచ్చు.

"ఇంకేం ఆలోచన బావా?" అన్నాడు ఆ రోజు కంచం ముందు కూర్చుంటూ. "గవర్నమెంటు కుర్చీ. జనం కోచింగులల్ల కూసోని కూసోని ముసలోళ్ళయితున్నరు. అక్క పోతా పోతా ఇచ్చిపోయింది."

అను పప్పు వడ్డిస్తోంది. "మామా, నేను ఎమ్మెస్సీ చేస్త. బయోకెమిస్ట్రీ."

"చేసి?"

"ఎంజైముల మీద రీసెర్చ్ చేస్త."

"ఎంజైములంటే ఏంది? జర నా అసొంటోనికి తెలిసేటట్టు చెప్పు."

"నువ్వు ఇప్పుడు తింటున్నది అరగవెట్టేటియి."

"అవి నాకు దండిగున్నయి బిడ్డా. నీ చదువుతోని నాకు పని లేదు," అని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "మరి జీతం?"

"ఎమ్మెస్సీ అయినంక మొదట పాతిక వేలు. మంచి లాబ్ దొరికితే ముప్పై."

"జూనియర్ అసిస్టెంటుకు ఇయ్యాల్నే ముప్పై ఐదు దాటుతది."

"తెలుసు మామా. లెక్క చేసిన. ఇక్కడ యూనివర్సిటీల సీటొస్తే ఫీజు తక్కువ. ముప్పై ఏండ్లు వచ్చేసరికి, ఉద్యోగంల చేరినదానితోని సమానమైత. సీటు రాక, లోన్ తీసుకోని మద్రాసు దిక్కు ఆ ప్రైవేటు యూనివర్సిటీకి పోతే ముప్పై ఐదు దాక వెనకనే ఉంట."

"నువ్వే ఒప్పుకుంటున్నవు కద!"

"లెక్క ఒప్పుకుంటున్న. చదువుకు పోనని అంటలే."

ఉపేందర్ నా వైపు చూశాడు. నేను మజ్జిగ గిన్నె అతని వైపు జరిపాను. మద్రాసు దగ్గరి సీటు అనుకు అప్పటికే వచ్చి ఉంది, ఆన్‌లైన్‌లో పరీక్ష రాస్తే. దాని ఫీజు, హాస్టలు కలిపి రెండేళ్ళకు ఆరు లక్షలు. అందుకే మా ఆశ అంతా ఇక్కడి ఎంట్రెన్సు మీద పెట్టుకున్నాం. సీటు వస్తుందా రాదా అన్న అనుమానం కూడా మాకు లేదు. ఆమె క్లాసులో మొదటిది.

ఎంట్రెన్సు తేదీ జులైలో పడింది. ఆ రోజే సునీత ఆర్నెల్ల మాసికం.

మొదట అది పెద్ద చిక్కుగా అనిపించలేదు. పరీక్ష పొద్దున. ఉపేందర్ బండిలో దింపుతాడు, మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది, మాసికం విస్తరి అప్పుడు వేస్తే సరిపోతుంది అనుకున్నాం. ముందు రోజు సాయంత్రం కందుకూరు నుంచి మా అత్త భాగ్యమ్మ వచ్చింది.

సునీత ముత్తైదువుగా పోయింది. అలా పోయినవాళ్ళ మాసికం నాడు ఇంకో ముత్తైదువును పిలిచి, కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, రవికె గుడ్డ ఇచ్చి, కడుపునిండా తినిపించాలి. మా గల్లీలోని ప్రసన్నలక్ష్మిని పిలిచాం. ఆమె తింటే సునీత తిన్నట్టు.

మరుసటి రోజు పొద్దున్నే ఉపేందర్ పహాడీ షరీఫ్ నుంచి మటన్ తెచ్చాడు. అత్త పచ్చి బొప్పాయి తురిమి అందులో కలుపుతోంది. అను తల దువ్వుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మమ్మా, బొప్పాయి వేస్తే మటన్ ఎందుకు మెత్తగైతదో తెలుసా?"

"నేనేస్తున్న కాబట్టి."

"అండ్ల ఒక ఎంజైము ఉంటది. అది ప్రోటీన్‌ను ముక్కలు ముక్కలు చేస్తది. ఎక్కువసేపు ఉంచితే కూర పేస్టు లెక్క అయితది."

"అందుకే ఎక్కువసేపు ఉంచ. ఇది చెప్పనీకి ఆరు లక్షలా?"

అను నవ్వింది. అత్త కూడా నవ్వి, చేయి కడుక్కుంటూ అడిగింది. "తయారైతున్నవు, యాడికి?"

"పరీక్ష ఉంది కద అమ్మమ్మా. రెండింటికల్లా వస్త."

"రెండింటికా? మిట్టమధ్యాహ్నం దాటినంక వెడితే పోయినోళ్ళకు అందదు. అయ్యగారు పన్నెండు లోపల్నే అన్నడు." అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆమె కాళ్ళకు పసుపు ఎవరు రాస్తరు? నేను రాయొద్దు, మీ తాత పోయిండు. మీ మామ పెండ్లాం బాలింత, ముట్టొద్దు. ఇంట్ల ఇంక ఆడమనిషి ఎవరుండ్రు?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఎదురు చెప్పడం తేలికయ్యేది. కూతురికి ఒక పూట అన్నం అందాలని అడుగుతోంది, అంతే.

కింద ఉపేందర్ హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పైకి వచ్చి, "ఎక్కు బిడ్డా, ఆరాంఘర్ కాడ జామ్ అయితది" అన్నాడు. విషయం తెలిసి అతనూ తల్లి ముందు మాట తగ్గించాడు.

అను నన్ను చూసింది.

"నీ ఇష్టం," అన్నాను.

ఆ మాట ఎప్పుడూ అనేదే. ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఏ రంగు డ్రెస్సు అని అడిగినా అదే అనేవాణ్ణి. అది ఆమెకు ఇచ్చే గౌరవం అనుకునేవాణ్ణి. ఆ పొద్దున అది నా నోట్లోంచి వచ్చి, మా నలుగురి మధ్య, ఎవరికీ పనికిరాకుండా నిలబడింది.

అను లోపలికి వెళ్ళి హాల్ టికెట్ బీరువాలో పెట్టి, చీర కట్టుకుని వచ్చింది. పదకొండున్నరకు ప్రసన్నలక్ష్మి కాళ్ళకు పసుపు రాసింది. ప్రసన్నలక్ష్మి మొహమాటపడుతూ రెండోసారి మటన్ వేయించుకుంది. "మెత్తగ ఉన్నది," అంది.

ఆ మధ్యాహ్నం తర్వాత మాకు రెండే దార్లు మిగిలాయి. సునీత పోస్టు, లేదా ఆరు లక్షలు.

"వచ్చే ఏడు మళ్ళ రాయొచ్చు కద," అన్నాడు ఉపేందర్.

"వచ్చే ఏటి దాక పోస్టు ఆగదు మామా. పోస్టుల చేరినంక నేను చదువుకు వచ్చేది లేదు. నీకూ తెలుసు."

బ్యాంకుకు ఇద్దరం వెళ్ళాం. మేనేజరు గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు. అను మార్కులు చూసి ముచ్చటపడ్డాడు.

"అమ్మాయి విషయంలో నాకు ఏ అభ్యంతరం లేదండీ. కానీ తనతోపాటు సంతకం పెట్టేది మీరు కాబట్టి, మీ ఆదాయం చూపించాలి. జీతం స్లిప్పు గానీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్స్ గానీ."

"జీతం కవర్లో పెట్టి ఇస్తారండీ."

"కవరును చూపించలేం కదండీ," అన్నాడు. నవ్వాడు గానీ అది చెడ్డ నవ్వు కాదు. "పోనీ, దగ్గరి బంధువుల్లో రిటర్న్స్ వేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చూడండి. లేదూ, మీ ఎమ్మార్వో గారి దగ్గర ఆదాయ ధ్రువీకరణ తెచ్చుకోండి. నా ప్రయత్నం నేను చేస్తాను."

అదే వారం ప్రేమలత మేడం ఫోన్ చేసింది. "దరఖాస్తుకు ఒక సర్టిఫికెట్ కావాలె సార్. ఇంట్ల సంపాదించేటోళ్ళు ఎవ్వరు లేరని, ఎమ్మార్వో ఆఫీసునుంచి. మీది ప్రైవేటే కద, రికార్డుల ఉండదు. ఇబ్బంది లేదు."

నేను సంపాదిస్తున్నానని ఒక కాగితం, సంపాదించడం లేదని ఒక కాగితం. రెండూ ఒకే కిటికీ దగ్గర, ఒకే గుమస్తా చేతినుంచి తీసుకోవాలి. బడి కరస్పాండెంటు మంచివాడు. "ఏది కావాలంటే అది రాసిస్త సార్, మీరే చెప్పుండ్రి" అన్నాడు. రెండూ అడగడానికి నాకు నోరు రాలేదు. ఏది నిజమో నాకే తేలలేదు.

రిటర్న్స్ వేసే దగ్గరి బంధువు ఉపేందర్ ఒక్కడే. బండి లోన్ కోసం వేస్తాడు. అడిగితే చెంచా కింద పెట్టాడు.

"రెండో బండికి లోన్ పెట్టుకున్న బావా. డ్రైవర్‌ను కూడ మాట్లాడిన. నేను అనుకు సంతకం వెడితే నాకు బండి రాదు." చెంచా మళ్ళీ తీసుకుని, "పానం పొమ్మన్నా పోత అనుకు. కని ఉద్యోగం చేతిల వెట్టుకోని అప్పేంది? ఎవరన్న వింటే నవ్వరా?" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆ నెలలో మా ఇంటికి వచ్చి మాట్లాడినవాళ్ళలో తప్పు మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. నాకు ఊపిరి ఆడనిది అందుకే.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం అను డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. వాన పట్టేలా ఉంది. విమానాలు చాలా కిందుగా, ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఒకటి వెళ్ళేదాకా ఆగి మాట్లాడడం ఈ ఊళ్ళో అందరికీ అలవాటే.

"జాబ్‌కే పెడదాం బాపు," అంది.

"ఆలోచించావా?"

"అయిపోయింది ఆలోచన." దిండు గలీబులు మడత పెట్టింది. "ఇయ్యాల అమ్మ ఆఫీసుకు పోయొచ్చిన. ప్రేమలత మేడం నన్ను టేబుల్ టేబుల్ కాడికి తీస్కపోయి సునీత బిడ్డ, సునీత బిడ్డ అని చూపెట్టింది. అందరు ఏడ్సుడు వెట్టిండ్రు. నేను పోయి వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చిచ్చిన."

"నువ్వా?"

"ఇంకెవరు తెస్తరు? అటెండర్ కూడ ఏడుస్తుండె." ఇంకో విమానం వెళ్ళింది. "అమ్మ టేబుల్ కాడ కూసున్న కొద్దిసేపు. మంచిగనే అనిపించింది బాపు. అమ్మ ఉన్నకాడ ఉన్నట్టు."

అది నన్ను ఊరడించడానికి అన్నదో, నిజంగా అన్నదో నాకు తెలియలేదు. రెండూ కావచ్చు. మరుసటి రోజు ఆమె మూడేళ్ళ నోట్సు కట్ట కట్టి, జూనియర్ అమ్మాయికి ఇచ్చేసింది. ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో పాలు విరిగితే విరిగాయి, అంతే. ఎందుకు విరిగాయో ఎవరూ చెప్పలేదు. కూర మాడితే మాడింది. రోజూ ఆమె దువ్వుకుని, తిని, అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడి, ఎనిమిదింటికి పడుకునేది. ఇరవై ఒక్క ఏళ్ళ మనిషి అలా సర్దుకుంటుంటే ఇంట్లో తిరగడం కష్టమైంది నాకు.

ఇంట్లో సంపాదన లేదన్న కాగితం తీసుకుని, దరఖాస్తు ఇవ్వడానికి ఒక సోమవారం వెళ్ళాం. ఒక ధ్రువపత్రం జిరాక్స్ తక్కువైందని అను కిందికి వెళ్ళింది. ప్రేమలత మేడం అద్దాలు పెట్టుకుని, దరఖాస్తు ముందుకు లాక్కుంది.

"అభ్యర్థి పేరు. ఇంటిపేరుతోని రాస్త సార్, అనుపమ కద పూర్తి పేరు?"

"నా పేరు రాయండి," అన్నాను.

ఆమె నన్ను చూసింది.

"రూలు ఉందన్నారు కదా మేడం."

"ఉంది."

"శివశంకర్ అని రాయండి. నలభై నాలుగు."

ఆమె పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసింది. "పాపకు చెప్పిండ్రా?"

"లేదు."

"మీరు కూసునేది ఆ టేబులే సార్. వేరే ఖాళీ లేదు."

"తెలుసు."

ఆమె రాసింది. గుండ్రంగా, మెల్లగా, నా పేరు. ఇంతలో అను వచ్చింది. జిరాక్సులు తడవకుండా చున్నీ కింద పెట్టుకుని తెచ్చింది. ప్రేమలత మేడం ఒక కాగితం ఆమె వైపు తిప్పింది.

"ఇండ్ల సంతకం వెట్టాలె బిడ్డా. మిగతా వారసులకు అభ్యంతరం లేదని."

"మిగతా వారసులు బాపు కద?"

మేడం స్టాంపు ప్యాడ్ కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టింది. ప్యాడ్ టేబుల్ మీదే ఉంది. అను కాగితం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నన్ను అడిగినవా బాపు?"

"లేదు."

"అమ్మమ్మ అడిగింది. మామ అడిగిండు. మేడం అడిగింది. ఏం చేస్తవు, ఏం చేస్తవు అని అందరు అడిగిండ్రు. నువ్వొక్కనివి నా ఇష్టం అన్నవు." ఆమె గొంతు పెద్దది కాలేదు. "ఇయ్యాల నీ ఇష్టం చేసినవు."

సంతకం పెట్టింది. పెన్ను మేడం చేతికి ఇచ్చి, "థాంక్స్ మేడం" అంది.

గగన్‌పహాడ్ దాకా వచ్చేసరికి వాన గట్టిదైంది. స్కూటరు ఒక టైర్ల షాపు రేకుల కింద ఆపాను. మాతోపాటు ఇంకో నలుగురు నిలబడ్డారు. రోడ్డు మీద నీళ్ళు లేచి, కార్లు పడవల్లా నెమ్మదిగా వెళ్తున్నాయి.

"మామ అరుస్తడు," అంది అను, రోడ్డు వైపే చూస్తూ. "అరిచి సంతకం వెడతడు. నాకు తెలుసు. ఇగ ఆయన బండి పాయె, నీ బడి పాయె. నాకు ఒకటే మిగిలింది బాపు. మంచిగ చదువుడు. మామూలుగ చదివితే సరిపోదు. ఆడ నాకు నచ్చకపోయినా, నాకు రాకపోయినా, ఇంటికి తిరిగొచ్చి వద్దు అని చెప్పనీకి జాగ లేదు. ఆ పోస్టుల నేను చేరితే ఒక్కదాన్ని ఇరుక్కుంటుంటి. ఇప్పుడు ముగ్గురం. నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

ఆమె చెప్పేదాకా తెలియదు.

ఉపేందర్ నిజంగానే అరిచాడు. "నలభై ఏండ్ల కుర్చీని పదహారేండ్లకు పాడు చేసినవు బావా, నువ్వు సారువా?" అన్నాడు. గల్లీలో వాళ్ళు బయటికి వచ్చారు. తిట్టి, తిని, మంచినీళ్ళు తాగి, "రేపు పొద్దుగాల్ల ఫ్లైట్ ట్రిప్ ఉంది, పదింటికి బ్యాంకు కాడికి వస్త. ఫోటోలు ఎన్ని కావాలె?" అని అడిగాడు. అత్త మాత్రం చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. బిడ్డ కూర్చున్న చోట మనవరాలు కూర్చుంటే చూడాలనుకుంది ఆమె. అల్లుడు కూర్చోవడం ఆమెకు ఏదోలా ఉంది. నాకూ ఏదోలానే ఉంది.

నెలాఖరుకు అను వెళ్ళిపోయింది. సికింద్రాబాద్ స్టేషన్లో నా కాళ్ళు మొక్కబోతే వద్దన్నాను. "ఇది కూడ వద్దంటవా," అని మొక్కింది.

నియామకం ఉత్తర్వు నవంబరులో వచ్చింది. బడిలో చివరి రోజు లెక్కల సారు తన పీరియడు నాకు ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళలో అది మొదటిసారి. రెండు పీరియడ్లు పద్యాలు చదివించి, బోర్డు తుడిచి వచ్చేశాను.

టేబుల్ సంగతి ఎక్కువ చెప్పను. మొదటి వారం కుర్చీ అంచున కూర్చున్నాను. ఎత్తు నాకు సరిపోయేది కాదు, సునీత పొట్టిది. కింద మీట తిప్పితే కుర్చీ పైకి లేస్తుందని అటెండరు చెప్పాడు. అలాగే ఉండనీ అన్నాను. మోకాళ్ళు టేబుల్‌కు తగులుతుంటే, వచ్చినవాళ్ళు ఇచ్చిన అర్జీలు నంబరు వేసి తీసుకునేవాణ్ణి. అను ఆదివారాలు ఫోన్ చేసేది. అంతా బాగుంది, బాగా చదువుతున్నాను అనేది. నేను మంచిది అనేవాణ్ణి. మా ఫోన్లు చాలా చిన్నవి.

ఫిబ్రవరిలో ఒక బుధవారం, భోజనాల వేళ ఫోన్ వచ్చింది. నాలుగు టేబుళ్ళు కలిపి అందరం తింటున్నాం.

"బాపు, రిజల్ట్స్ వచ్చినయి. మెటబాలిజం పేపరు తప్పిన."

"మళ్ళీ రాయవచ్చా?"

"రాయొచ్చు. ఫీజు కట్టాలె."

"కడదాం."

ఇంకో ముద్ద కలుపుకున్నాను.

"గంతేనా?" అంది.

"ఏమిటమ్మా?"

"తిట్టవా?"

"ఎందుకు తిడతాను? మళ్ళీ రాస్తావు."

"నువ్వు గట్ల అంటే నాకెట్లుంటదో తెలుసా బాపు? నువ్వు ఆడ అమ్మ కుర్చీల కూసున్నవు, మామ పొద్దున్నుంచి రాత్రి దాక ఒక్క బండే నడుపుతుండు, నేను ఈడ పేపరు తప్పిన, నువ్వేమో కడదాం అంటున్నవు. నా రూమ్మేటు కూడ తప్పింది. వాళ్ళ నాయిన పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ జేసి తిట్టిండు. అది తిట్లన్ని తిని, మంచిగ బిర్యాని తినొచ్చి పండుకుంది. నన్ను కూడ తిట్టు. జర గట్టిగ."

చుట్టూ నలుగురున్నారు. ప్రేమలత మేడం పెరుగన్నం కలుపుతోంది. బడిలో ఉన్నన్నాళ్ళూ నేను పిల్లల్ని గట్టిగా ఒక మాట అన్నది తక్కువ. ఇంట్లో ఆ పని సునీతది.

"ఏం చదువుతున్నవే నువ్వు ఆడ?" అన్నాను.

గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. అందరూ తలలెత్తారు. బడి భాష ఎటుపోయిందో పోయి, మా నాయన భాష వచ్చింది. "పొద్దుగాల్ల ఎన్నింటికి లేస్తున్నవు? ఫోన్ వట్టుకోని కూసుంటున్నవా? హాస్టల్ల కూడు వెట్టేది పేపర్లు తప్పనీకా? బుద్ధుందా నీకు, సిగ్గుందా?"

మంచినీళ్ళు తెస్తున్న అటెండరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇంకా," అంది అను.

నాకు వచ్చిన తిట్లు అంతటితో అయిపోయాయి. పాతికమంది పిల్లల తండ్రులు బడి గేటు దగ్గర ఏమని తిట్టేవారో గుర్తు చేసుకున్నాను.

"మీ అమ్మ నిన్ను గారాబం జేసి చెడగొట్టింది," అన్నాను.

జనవరినుంచి, అంటే అంతకు ముందటి జనవరినుంచి, సునీత ప్రస్తావన నా అంతట నేను తేవడం అదే మొదలు.

"అబద్ధం," అంది అను. "గారాబం జేసింది నువ్వు."

"ఎదురు మాట్లాడుతున్నవా?"

"అవు. మాట్లాడుత. ఇంకా తిట్టు."

ప్రేమలత మేడం చెయ్యి చాపి, ఈగలు వాలకుండా నా టిఫిన్ డబ్బా మీద మూత పెట్టింది. నేను లేచి కిటికీ వైపు తిరిగి, ఇంకో మాట వెతుక్కున్నాను.